నల్ల గడ్డం నాచుకు ఏది మందు: పెరాక్సైడా, గ్లుటరాల్డిహైడా, చేపలా, చీకటా?

మొక్కలతో పెంచే అక్వేరియంలో అనూబియాస్ ఆకుల అంచున, ఫిల్టర్ నీరు వచ్చే గొట్టం మూతిన, డ్రిఫ్ట్‌వుడ్ (అలంకరణకు పెట్టే కట్టె) మీద నల్లని కుచ్చులుగా మొలిచి, వేలితో రుద్దినా గోటితో గీకినా ఊడిరాని నాచును హాబీలో ఉన్నవారు ‘బీబీఏ’ (బ్లాక్ బియర్డ్ ఆల్గే) అనీ, నల్ల గడ్డం అనీ పిలుస్తారు. దీనిని వదిలించుకోవడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క మార్గం చెబుతారు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలునని ఒకరు, ‘లిక్విడ్ కార్బన్’ పోయమని ఇంకొకరు, నాచు తినే చేపను తెచ్చి వదలమని దుకాణదారు, నాలుగు రోజులు దుప్పటి కప్పి ఉంచమని మరొకరు అంటారు. వీటిలో ప్రతిదీ ఎక్కడో ఒకచోట పనిచేసిందే. ఒకరి ట్యాంకులో పనిచేసినది మరొకరి ట్యాంకులో రొయ్యలను చంపడానికి కారణం, ఎంచుకునే ముందు చూడవలసినవి చూడకపోవడమే. అందువల్ల ముందుగా కొలమానాలను చెప్పి, ఆ తరువాత ఒక్కొక్క మార్గాన్ని పరిశీలిస్తాను.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది, మీ ట్యాంకులో ఉన్నది నిజంగా నల్ల గడ్డమేనా అన్నది. ఇది పేరుకు నల్లగా, బూడిద రంగులో కనిపించినా వృక్షశాస్త్రం లెక్కలో ఎర్ర నాచుల విభాగానికి చెందినది. అనుమానం ఉంటే ఒక చిన్న కుచ్చును కత్తిరించి సర్జికల్ స్పిరిట్‌లో కొన్ని గంటలు ఉంచితే, పచ్చదనం స్పిరిట్‌లోకి దిగిపోయి కుచ్చు ఎర్రబారుతుంది. అద్దం మీద గట్టి పచ్చని చుక్కలుగా ఉండేది వేరు, దానిని పాత ఏటీఎం కార్డుతోనో బ్లేడుతోనో గీకవచ్చు. కొత్త ట్యాంకులో గోధుమ రంగు పొడిలా పేరుకునేవి డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచులు, అవి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. నీలిపచ్చ రంగులో జిగురు పొరలా పరచుకొని, చేతితో లాగితే దుప్పటిలా లేచివచ్చి, మట్టివాసన కొట్టేది అసలు నాచే కాదు; అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల పొర. దానికి ఎరిత్రోమైసిన్ మాత్రలు కరిగించి పోయమనే సలహా బాగా ప్రచారంలో ఉంది. మనుషుల వైద్యానికి ఉపయోగపడే యాంటీబయాటిక్‌ను అలా పోసి, ఆ నీటిని కాలువలోకి వదలడం బాక్టీరియా మందులకు లొంగకుండా తయారయ్యేందుకు దారి ఇస్తుంది కనుక నేను ఆ సలహా ఇవ్వను.

రెండవది, ట్యాంకులో ఎవరున్నారు అన్నది. రొయ్యలు, నత్తలు, మాస్ మొక్కలు (జావా మాస్ వంటివి), వాలిస్‌నేరియా, రిక్సియా మొక్కలు ఉన్న ట్యాంకుకు రసాయనాల విషయంలో ఒక లెక్క. గట్టి ఆకుల అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ మాత్రమే ఉన్న ట్యాంకుకు వేరొక లెక్క.

మూడవది నీటి వేడి. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలోని ట్యాంకు నీరు 32 డిగ్రీలు దాటడం మామూలే. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. శీతాకాలంలో హాయిగా తట్టుకున్న మోతాదు ఎండాకాలంలో చేపలను నీటి పైకి తేల్చి నోళ్లు తెరిపించవచ్చు.

నాలుగవది, ఇంట్లో చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉన్నారా అన్నది. దీనిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. నా దృష్టిలో గ్లుటరాల్డిహైడ్ విషయంలో ఇదే మొదటి ప్రశ్న కావాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. ఇది పని ముగించాక నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది, ట్యాంకులో మరేదీ మిగలదు. అయితే మన దగ్గర దీనితో జరిగే పొరపాటు చాలావరకు సీసా మీది లేబుల్ చదవకపోవడం వల్లనే జరుగుతుంది. విదేశీ వీడియోలలో చెప్పే మోతాదులన్నీ 3 శాతం ద్రావణానికి లెక్కగట్టినవి. మన మెడికల్ షాపులలో సాధారణంగా ఇచ్చేది ‘20 వాల్యూమ్’ అని రాసి ఉండే 6 శాతం ద్రావణం. అంటే వీడియోలో చెప్పిన మి.లీ. లెక్కను ఉన్నదున్నట్టుగా పాటిస్తే రెట్టింపు మందు పోసినట్టే.

3 శాతం ద్రావణమైతే నాలుగు లీటర్ల నీటికి 1 మి.లీ., 6 శాతమైతే ఎనిమిది లీటర్లకు 1 మి.లీ. అన్నది ఒక రోజుకు సురక్షితమైన హద్దుగా పెట్టుకోవచ్చు. ఇక్కడ నీటి పరిమాణాన్ని కూడా సరిగా లెక్కించాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకు లెక్కకు 56 లీటర్లు పడుతుంది కానీ, మట్టి, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసివేస్తే అందులో నిజంగా ఉండేది 45 లీటర్ల వరకే. అంటే 6 శాతం ద్రావణం 5 మి.లీ. సరిపోతుంది, 6 మి.లీ. మించకూడదు.

వాడే పద్ధతి ఇలా ఉంటుంది. ఫిల్టర్‌ను ఆపి నీరు కదలకుండా నిలిచేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజిలోకి మందు తీసుకొని, దాని మూతిని కుచ్చుకు దాదాపు ఆనించి, ఒక్కొక్క చుక్క పడేంత నెమ్మదిగా వదలాలి. మా ట్యాంకులో అనూబియాస్ ఆకు అంచున ఇలా వదిలినప్పుడు, క్షణాలలో ఆ నల్లని వెంట్రుకల మధ్య నుంచి సన్నని బుడగలు మొలుచుకొచ్చి, కుచ్చు మొత్తం వెండి పూత పూసినట్టు మెరిసింది. పది పదిహేను నిమిషాల తరువాత ఫిల్టర్ తిరిగి వేయాలి. ఎక్కువసేపు ఆపితే ఫిల్టర్‌లో ఉన్న మేలు చేసే బాక్టీరియా దెబ్బతింటుంది. మూడవ రోజుకు ఆ కుచ్చులు ద్రాక్షరసం రంగుకు, ఆ తరువాత లేత గులాబీ రంగుకు మారాయి. పచ్చని పిగ్మెంట్ నశించి ఎర్రనిది మిగలడం వల్ల అలా కనిపిస్తుంది. గులాబీ రంగు వచ్చిందంటే ఆ కుచ్చు చచ్చినట్టే. బతికి ఉన్నప్పుడు దాని వైపు కన్నెత్తి చూడని రొయ్యలు అప్పుడు వచ్చి ఆకు మీద కూర్చొని పీక్కు తినడం మొదలుపెట్టాయి.

లోపం ఏమిటంటే, ఒక రోజు మోతాదుతో ఐదారు కుచ్చులకు మించి అందదు. ట్యాంకు నిండా పాకిన వారు రోజుకొక మూల చొప్పున రెండు వారాలు ఓపిక పట్టాలి. తొందరపడి ఒకే రోజు అంతా పోసినవారే రొయ్యలను పోగొట్టుకుంటారు. జావా మాస్, వాలిస్‌నేరియా మీద నేరుగా పడితే ఆ భాగం తెల్లబడి పాడవుతుంది. బయటికి తీయగలిగిన రాళ్లు, కట్టెలు, రాతికి కట్టిన అనూబియాస్ అయితే పని ఇంకా సులువు: 6 శాతం ద్రావణంలో సమానంగా నీరు కలిపి, బకెట్‌లో వాటి మీద చల్లి రెండు మూడు నిమిషాలు ఉంచి, బాగా కడిగి తిరిగి పెడితే ట్యాంకులో ఉన్న ప్రాణులకు మందు అంటదు. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. 6 శాతం ద్రావణం తగిలితే చర్మం తెల్లబడి చురుక్కుమంటుంది.

గ్లుటరాల్డిహైడ్, అంటే ‘లిక్విడ్ కార్బన్’

దుకాణాలలో లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే సీసాలలో ఉండేది గ్లుటరాల్డిహైడ్ లేదా దాని రూపాంతరం. సీకెమ్ ఫ్లరిష్ ఎక్సెల్ వీటిలో అందరికీ తెలిసినది. దాని లేబుల్ ప్రకారం మొదటిసారి, లేదా ఎక్కువ నీరు మార్చిన తరువాత, 40 లీటర్లకు 5 మి.లీ.; ఆ పైన రోజూ లేదా రోజు విడిచి రోజు 200 లీటర్లకు 5 మి.లీ. నల్ల గడ్డం మీద దీని ప్రభావం బలమైనది, పెరాక్సైడ్ కంటే నిలకడైనది కూడా. రోజూ కొద్ది మోతాదులో పోస్తూ పోవచ్చు కనుక, కుచ్చు కుచ్చుకూ సిరంజి పట్టుకొని తిరగలేని పెద్ద ట్యాంకులకు ఇది అనుకూలం.

అయితే ఆ సీసా ధర ఎక్కువని, ఆసుపత్రులలో పరికరాలను శుద్ధి చేయడానికి వాడే 2 శాతం పైచిలుకు గ్లుటరాల్డిహైడ్ డబ్బాను కొని పలుచన చేసి వాడమనే సలహా మన హాబీలో విస్తారంగా తిరుగుతోంది. దీని ఆవిరి కళ్లను, శ్వాసనాళాలను మండిస్తుంది. పదే పదే పీల్చేవారికి ఉబ్బసాన్ని తెచ్చిపెట్టగల రసాయనంగా ఆసుపత్రి సిబ్బంది ఆరోగ్యం విషయంలో ఎప్పటినుంచో గుర్తించబడినది. పడకగదిలో ట్యాంకు పెట్టుకొని, వంటింట్లో కొలత గ్లాసులతో దీనిని కలపడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే పలుచని సీసాను కూడా కొనవద్దని చెబుతాను.

మొక్కల విషయంలోనూ దీనికి పక్షపాతం ఉంది. వాలిస్‌నేరియా, ఎజీరియా, రిక్సియా, కొన్ని మాస్ మొక్కలు దీనిని తట్టుకోలేవు. లేబుల్ మోతాదే పోసినా, నా ట్యాంకు వెనుక గోడ వెంట ఏడాదిపాటు పెంచుకున్న వాలిస్‌నేరియా వారం రోజులలో ఉడికించిన తోటకూరలా మెత్తబడి నీటిలో తేలింది. ఆ కుళ్లిన ఆకులే తిరిగి నాచుకు తిండి అయ్యాయి. ఆ మొక్క ఉన్నవారు ఈ మార్గాన్ని మొదటే పక్కన పెట్టడం మంచిది.

చేపలు, రొయ్యలు, నత్తలు

‘నాచు తినే చేప’ అని అడిగితే మన దుకాణాలలో చేతిలో పెట్టేది దాదాపు ఎప్పుడూ సక్కర్ ఫిష్. ఇది నల్ల గడ్డాన్ని ముట్టదు. పిల్లగా ఉన్నప్పుడు అద్దం మీద పాచిని కొంత తింటుంది, పెద్దదైతే 30 సెం.మీ. దాటి పెరిగి మొక్కలను పెకలిస్తుంది, అది విసర్జించే మలం నాచుకు ఎరువవుతుంది. అప్పుడు ఏం చేయాలో తెలియక చాలామంది దగ్గరి చెరువులో వదులుతారు. అలా వదిలిన చేపలే నేడు కృష్ణా తీరపు కాలువలలో, చెరువులలో జాలరుల వలలను చింపుతూ ‘దెయ్యం చేప’ అనిపించుకుంటున్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ (అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల) శాస్త్రవేత్తలు నీటిలో కలిసి ఉండే డీఎన్ఏను పరీక్షించి తూర్పు కనుమల జలాశయాలలో వీటి ఉనికిని గుర్తించారు. సక్కర్ ఫిష్‌ను కొనకండి. ఇప్పటికే ఉంటే దుకాణానికి తిరిగి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలకండి.

నల్ల గడ్డాన్ని నిజంగా తినే చేప సయామీస్ ఆల్గే ఈటర్. దీనిని గుర్తుపట్టడమే కష్టం. ముక్కు నుంచి మొదలైన నల్లని చార తోక మొదట్లో ఆగిపోకుండా తోక చీలిక చివరి దాకా సాగాలి. ఆ చార పైన బంగారు గీత ఉండకూడదు. రెక్కలు రంగు లేకుండా పారదర్శకంగా ఉండాలి. బంగారు గీత ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. నోరు అద్దానికి అంటుకునేలా ఉంటే అది చైనీస్ ఆల్గే ఈటర్, పెద్దయ్యాక తోటి చేపల ఒంటి మీది జిగురును పీల్చే స్వభావం దానిది. ఒక దుకాణంలో సయామీస్ పేరుతో నేను తెచ్చుకున్న రెండు చేపలూ చైనీస్ ఆల్గే ఈటర్లే. ఇంటికి తెచ్చి అద్దం మీద వాటి నోళ్లు చూసిన తరువాతే ఆ సంగతి తెలిసింది. అసలైన సయామీస్ కూడా సుమారు 15 సెం.మీ. పెరుగుతుంది, చురుకుగా ఈదుతుంది. రెండడుగుల ట్యాంకు దానికి ఇరుకు. మూడున్నర, నాలుగు అడుగుల ట్యాంకు ఉన్నవారికే దీనిని సూచిస్తాను, అదీ మేత తగ్గించి పెట్టగలిగితేనే. తేలికగా మేత దొరికితే వయసు వచ్చిన సయామీస్ నాచు జోలికి పోదు.

అమానో రొయ్య విషయం వేరు. 1980ల తొలినాళ్లలో జపాన్ అక్వాస్కేపర్ (అక్వేరియంలో మొక్కలతో తోటలు తీర్చే కళాకారుడు) తకాషి అమానో మొక్కల ట్యాంకులలో నాచును అదుపు చేయడానికి దీనిని ప్రవేశపెట్టాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. దారపు నాచును బాగా తింటుంది. బతికి ఉన్న నల్ల గడ్డాన్ని అరుదుగా ముడుతుంది. పెరాక్సైడ్‌తో గులాబీ రంగుకు మారినదాన్ని మాత్రం ఆకు మీద ఆనవాలు లేకుండా శుభ్రం చేస్తుంది. దాని పిల్లలకు ఉప్పు కలిసిన నీరు కావాలి కనుక ట్యాంకులో సంతానం పెరగదు. నెరైట్ నత్తలు అద్దం మీది పచ్చ చుక్కలకు మంచివి, నల్ల గడ్డానికి కావు.

చీకటి

మూడు నాలుగు రోజుల పాటు దుప్పటి కప్పి, మొక్కల కోసం ఇచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆపి, ఎయిర్ పంపు వేసి ఉంచడం పచ్చనీటికీ (తేలే నాచు వల్ల నీరంతా పచ్చబడడానికి), సయనోబాక్టీరియాకూ బాగా పనిచేస్తుంది. నల్ల గడ్డం మాత్రం దీనిని సులువుగా ఓర్చుకుంటుంది, మీ మొక్కలే ముందు నీరసపడతాయి. ఈ నాచుకు ఈ మార్గం దండగ.

కత్తెర

దీనిని మార్గంగా లెక్కించరు కానీ, నల్ల గడ్డం పట్టిన పాత ఆకు తిరిగి కొత్తది కాదు. సగానికి పైగా కుచ్చులు పట్టిన అనూబియాస్ ఆకులను కాడ దగ్గర కోసివేయడం మందు అవసరాన్ని సగం చేస్తుంది. నెమ్మదిగా పెరిగే మొక్క కాబట్టి ఒకేసారి మూడో వంతు ఆకులకు మించి తీయవద్దు.

| మార్గం | నల్ల గడ్డంపై పని | ఫలితానికి పట్టే కాలం | ఎప్పుడు తగదు |
|---|---|---|---|
| పెరాక్సైడ్, నేరుగా కుచ్చు మీద | బలంగా | 3–7 రోజులు, కుచ్చు వారీగా | ట్యాంకంతా పాకినప్పుడు ఒకేసారి; మాస్ మీద |
| గ్లుటరాల్డిహైడ్ | బలంగా, నిలకడగా | 1–3 వారాలు | వాలిస్‌నేరియా ఉంటే; ఇంట్లో ఉబ్బసం ఉంటే |
| సయామీస్ ఆల్గే ఈటర్ | ఓ మాదిరిగా | వారాలు | రెండడుగుల ట్యాంకులో |
| అమానో రొయ్య | చచ్చినదాన్ని శుభ్రం చేస్తుంది | రోజులు | రొయ్యలను తినే చేపలుంటే |
| చీకటి | దాదాపు లేదు | – | ఈ నాచుకు |
| కత్తెర | ఆ ఆకు వరకు పూర్తిగా | వెంటనే | మూడో వంతు ఆకులకు మించి |

ఏది ఎంచుకున్నా చేయక తప్పనిది

పై మార్గాలలో పనిచేసేవన్నీ ఉన్న నాచును తొలగిస్తాయి, కొత్తది మొలవకుండా ఆపవు. నల్ల గడ్డం ఎక్కువగా వచ్చేది కార్బన్ డయాక్సైడ్ నిలకడగా లేని ట్యాంకులలో, మురికి పేరుకున్న ట్యాంకులలో. పంచదార, ఈస్ట్ సీసాతో మొక్కలకు ఈ గ్యాస్ ఇచ్చేవారి ట్యాంకులో మొదటి వారం గ్యాస్ పొంగుతుంది, మూడవ వారానికి ఆగిపోతుంది. ఆ హెచ్చుతగ్గులే ఈ నాచుకు అదను. అలాంటివారు ఆ సీసాను పూర్తిగా తీసివేసి, గ్యాస్ అడగని మొక్కలతో సరిపెట్టుకోవడం లేదా రెగ్యులేటర్ ఉన్న సిలిండర్‌కు మారడం మంచిది. సిలిండర్ ఉన్నవారు లైటు వెలగడానికి గంట రెండు గంటల ముందే గ్యాస్ మొదలయ్యేలా పెట్టి, లైటు వెలిగే వేళకు, నీటిలోని గ్యాస్ మోతాదును రంగుతో చూపే డ్రాప్ చెకర్ పచ్చగా మారిందో లేదో చూడాలి.

గ్యాస్ అసలు ఇవ్వని ట్యాంకులలో కూడా హెచ్చుతగ్గులు ఒక దారిలో వస్తాయి. బోరు నుంచి, పైపు నుంచి అప్పుడే పట్టిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉండవచ్చు. వారానికొకసారి సగం ట్యాంకు నీరు అలా నేరుగా మార్చితే మొక్కలకు ఒక పూట విందు, మిగతా వారమంతా పస్తు. నీటిని ముందురోజే బకెట్లలో పట్టి ఉంచి, ఒక్కసారి పావు వంతు చొప్పున మార్చడం ఈ ఊగిసలాటను తగ్గిస్తుంది, మున్సిపల్ నీరైతే క్లోరిన్ కూడా తగ్గుతుంది.

లైటు ఆరేడు గంటలు చాలు. తిప్పే డయల్ ఉన్న టైమర్ వాడేవారు ఒక సంగతి గమనించాలి: కరెంటు పోయినంతసేపూ ఆ డయల్ ఆగిపోతుంది, వేసవి కోతల నెలలో లైటు వేళలు రోజురోజుకూ ఆలస్యమైపోతాయి. ఫిల్టర్ స్పాంజిని ట్యాంకు నుంచి తీసిన నీటిలోనే నెలకొకసారి పిండాలి. నైట్రేట్‌ను సున్నా చేస్తే నాచు పోతుందనే నమ్మకంతో ఎరువులు పూర్తిగా ఆపవద్దు. మొక్కలు ఆకలితో ఆగిపోయినప్పుడు వాటి ఆకుల మీదే నాచు స్థిరపడుతుంది. అంతర తామర వంటి తేలే మొక్కలు కొన్ని వేస్తే నీటిలో మిగిలిన ఎరువును తీసుకొని, వెలుతురును కూడా కొంత తగ్గిస్తాయి.

ఎవరికి ఏది

రొయ్యలు, మాస్ ఉన్న రెండడుగుల ట్యాంకు మీదైతే, కట్టెలను, రాళ్లను బయటికి తీసి పెరాక్సైడ్ చల్లండి. లోపల రోజుకు 6 శాతం ద్రావణం 3 మి.లీ.తో మొదలుపెట్టి, మరుసటి రోజు రొయ్యలు మామూలుగా తిరుగుతున్నాయని చూసిన తరువాతే 5 మి.లీ.కి వెళ్లండి. గ్లుటరాల్డిహైడ్ జోలికి వెళ్లవద్దు.

నాలుగడుగుల ట్యాంకు, గట్టి ఆకుల మొక్కలు, టెట్రాలు లేదా బార్బ్‌ల వంటి చేపలు ఉండి, రోజూ సిరంజి పట్టే తీరిక లేనివారు ముందు బాగా కత్తిరించి, అసలైన సయామీస్ ఆల్గే ఈటర్లను మూడు నాలుగింటిని తెచ్చుకోవచ్చు. వాటితో తీరకపోతే సీసాలోని లిక్విడ్ కార్బన్‌ను లేబుల్ మోతాదు మించకుండా వాడవచ్చు, వాలిస్‌నేరియా లేకపోతేనే సుమా.

కొత్తగా ట్యాంకు పెట్టి మూడు నెలలు కూడా కానివారు మందు ఏదీ కొనవద్దని నా సలహా. పట్టిన ఆకులు కోసి, లైటును ఆరు గంటలకు తగ్గించి, త్వరగా పెరిగే హైగ్రోఫిలా, వాటర్ స్ప్రైట్ వంటివి ఇంకా నాటి, నెల రోజులు చూడండి.

ఏప్రిల్, మే నెలలలో మొదలుపెట్టేవారు తెల్లవారుజామున, నీరు చల్లగా ఉన్న వేళ మందు వేయండి. ఎయిర్ పంపును ఆ పగలూ రాత్రీ నడపండి, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. మందు వేసిన గంటలోపు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ముందే పట్టి ఉంచిన నీటితో సగం నీరు మార్చండి. అంతా సద్దుమణిగిన తరువాత కూడా వారానికొకసారి ఫిల్టర్ గొట్టం మూతిని వేలితో తడిమి చూస్తుండండి. మొదటి కుచ్చు తిరిగి మొలిచేది చాలావరకు అక్కడే.